ఆల్ఫా స్లాబ్ వన్: పేరుకు సరే, పేరాకు వద్దు

నాటకం పోస్టర్ కోసం బోలెడు ఫాంట్లు తిరగేసి చివరికి ఆల్ఫా స్లాబ్ వన్ దగ్గర ఆగాను. నాటకం పేరు ఇంగ్లీషులో రెండే మాటలు. ప్రింట్ తీసి, గోడకి అంటించి, గది అవతలి మూలకెళ్లి కళ్లజోడు తీసి చూశాను. అప్పటికీ చదవగలిగాను. ఇక వెతుకులాట మానేశాను.

సెరిఫ్ అంటే అక్షరం గీత చివర ఉండే చిన్న పాదం. పుస్తకాల ఫాంట్లలో అది సన్నగా ఉంటుంది. ఇక్కడ దిమ్మలా, చదరపు అంచులతో ఉంటుంది. 19వ శతాబ్దం మొదట్లో లండన్‌లో ప్రకటనల కోసం పోతపోసిన అక్షరాల బాణీ ఇది. ఈజిప్టుతో ఏ సంబంధమూ లేకపోయినా అప్పట్లో వీటిని 'ఈజిప్షియన్' అనేవాళ్లు. అక్షరం లోపలి తెల్ల ఖాళీలు ఇందులో మరీ చిన్నవి. నలుపే ఎక్కువ. అందుకే పెద్ద సైజులో మాట మొత్తం ఒకే ముద్దలా నిలబడుతుంది. అంకెలు కూడా నాకు బాగా నచ్చాయి, ముఖ్యంగా 2, 5.

దెబ్బ తిన్నది సైజు దగ్గర. నటుల పేర్లు కూడా ఇందులోనే, 14 పాయింట్లలో పెట్టాను. స్క్రీన్ మీద ఫరవాలేదు. ముతక కాగితం మీద సిరా కాస్త పాకేసరికి ఇంగ్లీషు చిన్న 'e' కన్నం పూడిపోయి నల్ల చుక్కయింది. నల్ల రంగు మీద తెల్ల అక్షరాలుగా పెట్టి చూస్తే ఇంకా ఘోరం. ఆ పేర్లన్నీ సన్నటి సాన్స్ (సెరిఫ్‌లు లేని) ఫాంట్‌లోకి మార్చి మళ్లీ ప్రింట్ చేయించాను. తప్పు నాదే, ఫాంట్‌ది కాదు.

వెబ్‌లో ఇంకో తిరకాసు. ఈ ఫాంట్‌కి ఉన్నది ఒక్కటే వెయిట్, అంటే ఒకే మందం. ఇటాలిక్ లేదు. హెడింగ్‌కి బ్రౌజర్ తనంతట తానే బోల్డ్ పెడుతుంది కదా, అసలు బోల్డ్ దొరక్క అక్షరాలని కృత్రిమంగా ఉబ్బిస్తుంది. అంచులు అలుక్కుపోయినట్టు కనిపిస్తే కారణం అదే. పేజీ స్టైల్ కోడ్‌లో ఫాంట్ వెయిట్ 400 అని రాస్తే సర్దుకుంటుంది. రకరకాల మందాలు కావాలంటే రాక్‌వెల్ లాంటి ఫాంట్ కుటుంబం చూసుకోవాలి. ఇది గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం, ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కాబట్టి వ్యాపార పనులకీ వాడొచ్చు.

తెలుగు అక్షరాలు ఇందులో లేవు. పక్కన తెలుగు శీర్షిక కావాల్సొస్తే రామభద్ర అనే తెలుగు ఫాంట్ వాడాను. లావులో దీటుగానే నిలిచింది, కానీ వత్తులకి కింద చోటు వదలాలి కాబట్టి రెండింటి వరసలు కలపడానికి సాయంత్రమంతా పట్టింది.

చివరి ప్రూఫ్ చూసి నాటక దర్శకుడు, "బాగుందండీ, పేరు ఇంకొంచెం బోల్డ్ చేస్తారా?" అన్నారు.