నాంగ్‌పో లాడ్జి వద్దు, సైడెన్ పురుగు ముద్దు

మేఘాలయ రి-భోయ్ జిల్లాకి వెళ్లేవాళ్లు నాంగ్‌పోలో హైవే పక్క లాడ్జిల్లో దిగేముందు అన్నీ అడిగి దిగండి. 2022 మేలో మాకు ఫోన్లో గది 1,800 అన్నాడు. తీరా దిగాక జనరేటర్‌కి 300, బకెట్ వేడినీళ్లకి 60. ఆ జనరేటరూ పదింటికే కట్టేశాడు. ఎనిమిది దాటితే అన్నం లేదట. తొమ్మిది దాటాక గేటు తీయాలంటే ఇంకో 200! మేం అంత దూరం వచ్చిందే చీకటిపడ్డాక నేల్లోంచి పైకొచ్చే పురుగుల్ని చూడ్డానికాయె. కౌంటర్ దగ్గర మా బావ వేసిన కేకలు మర్నాడు చెట్ల మీద విన్న ఆ పురుగుల మోతకేం తీసిపోవు.

గౌహతి నుంచి నాంగ్‌పో 50 కిలోమీటర్లు, షేర్ సుమోలో తలకి 150 పడింది. హాయిగా చేరాం.

అసలు సంగతి సైడెన్ ఊళ్లో ఉంది. అక్కడి కీచురాయిని (ఇంగ్లీషులో సికాడా) భోయ్ జనం నియాంగ్‌తాసెర్ అంటారు. నాలుగేళ్లకోసారే మే నెలలో గుంపులుగా నేల్లోంచి పైకొస్తుంది: 2010, 2014, 2018, మేం వెళ్లిన 2022. అన్నీ ఫుట్‌బాల్ ప్రపంచకప్ ఏళ్లే! 2013లో శాస్త్రవేత్తలు దీనికి జిల్లా పేరే కలిపి క్రెమిస్టికా రిభోయి అని శాస్త్రీయనామం పెట్టారు. ఇలా లెక్కపెట్టుకుని వచ్చేవి అమెరికాలో (13, 17 ఏళ్లకి), ఫిజీలో (8 ఏళ్లకి) ఉన్నాయి, అంతే.

ఊరి కుర్రాడొకడు 500కి తీసుకెళ్లాడు. ఒక్క రూపాయి ఎక్కువ అడగలేదు. టార్చి వేస్తే ఎక్కడ చూసినా మట్టి పూసుకున్న పిల్లపురుగులు చెట్లెక్కుతున్నాయి. ఎక్కి, బెరడు పట్టుకుని ఆగితే వీపు నిలువునా చీలుతుంది. అందులోంచి లేతగా, ముడుచుకున్న రెక్కలతో పెద్ద పురుగు బయటికొస్తుంది. పక్కనే పిల్లా పెద్దా గిన్నెల్లోకి ఏరుకుంటున్నారు. కొన్ని కూరకి, కొన్ని చేపల ఎరకి. ఇన్ని ఒక్కసారే రావడం వల్ల పక్షులూ మనుషులూ ఎంత తిన్నా కొన్ని మిగులుతాయి. అయినా బస్తాలకెత్తుకోవడం మాత్రం నాకు నచ్చలేదు.

"పురుగు కోసం విమానమెక్కించావేంరా" అని దారంతా సణిగిన బావ, ఆ ఊరి కుర్రాడింట్లో పురుగులు వేయించి పెడితే రెండు గుప్పెళ్లు తిన్నాడు. ఉప్పూ కారం చాల్లేదని నస వేరే. మర్నాడు రోడ్డు పక్క బడ్డీలో జాదో (పంది మాంసంతో వండే అన్నం) 80 రూపాయలకి కడుపునిండా పెట్టారు. పంది మాంసం తిననివాళ్లు ముందే అడగండి.

2022 తర్వాత వంతు 2026 మే, అటుపైన మళ్లీ నాలుగేళ్లకే. వానాకాలం మొదలయ్యే రోజులు, జారని చెప్పులు తప్పనిసరి. బస గౌహతిలో పెట్టుకుని, రాత్రికి తిరిగొచ్చేలా కారు మాట్లాడుకోండి. వెయిటింగ్ చార్జీ మాత్రం ఎక్కకముందే తేల్చుకోండి.