స్క్రూడ్రైవర్ అక్కర్లేని డబ్బా, ఊళ్లో దొరకని ఎస్ఎంపీఎస్

మా ఇంట్లో ఉన్న ఈ సెకండ్ హ్యాండ్ కంప్యూటర్‌లో నాకు అన్నిటికన్నా నచ్చింది దాని మూత. పక్కనున్న గొళ్లెం వెనక్కి లాగితే చాలు, ఊడి చేతికొస్తుంది. లోపల నీలం ప్లాస్టిక్ ఎక్కడ కనిపిస్తే అక్కడ ధైర్యంగా చెయ్యి వేయొచ్చు. ఒక నీలం మీట నొక్కితే డీవీడీ డ్రైవ్ జారి బయటికొస్తుంది. నీలం చట్రంలో కూర్చున్న డిస్క్‌ను రెండు వేళ్లతో నొక్కి తీసేయొచ్చు. ర్యామ్, కాయిన్ బ్యాటరీ ఎదురుగానే ఉంటాయి. స్క్రూడ్రైవర్ వెతుక్కునే పనే లేదు. అంతకుముందు మా ఇంట్లో ఉన్న అసెంబుల్డ్ సీపీయూ విప్పాలంటే ఆదివారం పొద్దున్నంతా దానికే సరిపోయేది, మళ్లీ బిగించాక ఒకటో రెండో స్క్రూలు మిగిలేవి.

ఇంత సుఖంగా ఎందుకు చేశారంటే, ఇది ఇళ్ల కోసం చేసింది కాదు. ఆఫీసు మిషన్. వందల సీపీయూలు చూసుకునే ఐటీ కుర్రాడు ఒక్కోదాని ముందు అరగంట కూర్చుంటే జరగదు. అలాంటివాడి కోసం చేసిన డబ్బా, ఆఫీసు వదిలించుకున్నాక హోల్‌సేల్ లాటులో కలిసి సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి, అంటే అందరూ సీటీసీ అనే కంప్యూటర్ల బజారుకి వచ్చింది. అక్కణ్నుంచి 2021 దసరాకి ముందు ఖమ్మంలో మా ఇంటికి. ఇంటెల్ 4వ తరం ఐ5 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, మానిటర్ కాకుండా 8,500 రూపాయలు. కంపెనీ పేరు చెప్పను, అవసరం కూడా లేదు. ఇలాంటి చిన్న డబ్బాలు మూడు నాలుగు పెద్ద కంపెనీలు చేశాయి, అన్నిటి కథా దాదాపు ఒకటే.

హార్డ్‌డిస్క్ బదులు వేగంగా పనిచేసే ఎస్ఎస్‌డీ వేస్తే పాత మిషన్‌కి ప్రాణం లేచొస్తుందని అందరూ చెప్పేదే, వేశాను, లేచొచ్చింది. మిగతా సెటప్‌లో చికాకులు చిన్నవి. పాత ఆఫీసు వాళ్ల స్టిక్కర్‌తో పాటు వాళ్ల బయోస్ (ఆన్ చేయగానే మొదట నడిచే సెటప్ ప్రోగ్రాం) పాస్‌వర్డ్ కూడా అలాగే ఉండిపోయింది. అందుకని పెన్‌డ్రైవ్ నుంచి బూట్ కానిచ్చేది కాదు. మదర్‌బోర్డు మీద పాస్‌వర్డ్ జంపర్ అనే చిన్న ప్లాస్టిక్ తొడుగు ఎక్కడుందో చూసి, తీసి, ఒకసారి ఆన్ చేస్తే ఆ పీడ వదిలింది. కాయిన్ బ్యాటరీ అయిపోయి ఉండటంతో ప్లగ్గు తీసినప్పుడల్లా తేదీ ఏళ్ల వెనక్కి పోయేది. తేదీ తప్పుంటే బ్రౌజర్ ఏ సైటునీ నమ్మదు, బ్యాంకు సైటు సంగతి చెప్పక్కర్లేదు. వాచీ షాపులో సీఆర్ 2032 అని అడిగితే ఇచ్చారు. వైఫై లేదు, యూఎస్‌బీ డాంగిల్ పెట్టాం. వెనకాల వీజీఏ, డిస్‌ప్లేపోర్ట్ ఉన్నాయి కానీ హెచ్‌డీఎంఐ లేదు, దానికో కన్వర్టర్ కేబుల్. లోపలే ఒక బుల్లి స్పీకర్ ఉండటం మాత్రం అనుకోని లాభం. పాటలకు పనికిరాదు, పాఠాలకు చాలు.

మా అమ్మాయి ఎప్‌సెట్ మాక్ టెస్టులు దీని మీదే రాసింది. అసలు పరీక్ష కంప్యూటర్ మీద ఉన్నప్పుడు ఫోన్‌లో ప్రాక్టీసు చేసి ఏం లాభం? మా ఆవిడ ప్రైవేటు స్కూల్లో తెలుగు టీచర్, ప్రశ్నపత్రాలన్నీ అను ఫాంట్లలో పేజ్‌మేకర్ అనే పాత సాఫ్ట్‌వేర్ మీద తయారు చేస్తుంది. ఆమె లోకమంతా ఆ పాత ఫైళ్లలోనే ఉంది. వాటికి విండోస్ తప్పదు, అందుకని మాకు రెండు ఓఎస్‌లు (ఆపరేటింగ్ సిస్టమ్‌లు). కొన్ని మినహాయింపులు తప్పిస్తే విండోస్ 11 అధికారికంగా ఇంటెల్ 8వ తరం కన్నా పాతవాటిని రానివ్వదు. విండోస్ 10 మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో అయిపోయింది. అదనపు భద్రతా అప్‌డేట్లకు పేరు నమోదు చేసుకుంటే ఇంకో ఏడాది నడుస్తుందన్నారు. నేను అటు వెళ్లకుండా నెట్ పనులన్నీ లినక్స్ మింట్ అనే ఉచిత ఓఎస్‌కి మార్చేసి, విండోస్‌ని నెట్ లేకుండా ఆవిడ ప్రశ్నపత్రాలకే వదిలేశాను. గొడవేమీ లేకుండా నడుస్తోంది.

అసలు కథ ఎస్ఎంపీఎస్‌ది, అంటే గోడ కరెంటును కంప్యూటర్ భాగాలకు సరిపడేలా మార్చి ఇచ్చే యూనిట్‌ది.

ఒక ఏప్రిల్ సాయంత్రం ఈదురుగాలి మొదలైంది. కరెంటు పోయింది, వచ్చింది, పోయింది, మళ్లీ వచ్చింది. ఆ ఆఖరి రాకతో సీపీయూలోంచి టప్‌మని చప్పుడు, కాస్త మాడు వాసన. ఆ తర్వాత బటన్ ఎంత నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. మరుసటి రోజు పొద్దున్నే పదో తరగతి మోడల్ పేపర్ స్కూల్లో ఇవ్వాలి. ఫైలేమో లోపల ఉంది.

ఇక్కడ ఆ మూత మమ్మల్ని కాపాడింది. పక్కింట్లో లాప్‌టాప్ ఉంది, మాకు తెలిసిన కంప్యూటర్ మెకానిక్ కుర్రాడి దగ్గర డిస్క్ సాటా కనెక్టర్ నుంచి యూఎస్‌బీకి మార్చే కేబుల్ ఉంది. మూత లాగి, డిస్క్ తీసి, లాప్‌టాప్‌కి తగిలించేసరికి ఫైళ్లన్నీ కనిపించాయి. పేజ్‌మేకర్ ఆ లాప్‌టాప్‌లో లేదు కానీ, ప్రతి పేపర్‌నీ పీడీఎఫ్ కూడా చేసి పెట్టుకోవడం మా ఆవిడకు అలవాటు. రాత్రి జిరాక్స్ షాపు మూసేలోపు ప్రింట్ చేతికొచ్చింది. ఈ మిషన్‌ని నేను నెత్తిన పెట్టుకున్న రోజు అదే.

మర్నాడు దింపేశాను.

మెకానిక్ కుర్రాడు వెనకాల ఎస్ఎంపీఎస్ పక్కనున్న చిన్న బటన్ చూపించాడు. ప్లగ్గు పెట్టి అది నొక్కితే ఎస్ఎంపీఎస్ బాగుంటే పక్కన పచ్చలైటు వెలగాలి. వెలగలేదు. "ఇదేముందన్నా, ఐదొందల్లో కొత్తది వేసేద్దాం" అని డబ్బా విప్పి వైర్లు చూసి ఆగిపోయాడు. మామూలు ఎస్ఎంపీఎస్ నుంచి మదర్‌బోర్డుకి వెళ్లే పెద్ద కనెక్టర్‌కి 24 పిన్నులుంటాయి. దీనికి 8. "అన్నా, ఇది మన బజార్లో దొరికే సరుకు కాదు" అన్నాడు.

తర్వాత తెలిసిందేమిటంటే, మామూలు ఎస్ఎంపీఎస్ 12, 5, 3.3 వోల్టులు మూడూ ఇస్తుంది. ఈ ఆఫీసు డబ్బాల్లో ఎస్ఎంపీఎస్ ఇచ్చేది 12 వోల్టులే, మిగతావి మదర్‌బోర్డే తయారు చేసుకుంటుంది. డిస్క్‌కి కరెంటు కూడా బోర్డు నుంచే వెళ్తుంది. ఇంజనీరింగ్‌గా చూస్తే తెలివైన పనే, ఎవరూ కాదనరు. కానీ ఒక కంపెనీ 6 పిన్నులు పెట్టింది, ఇంకోటి 8, మరొకటి 14. ఒకదానిది ఇంకోదానికి ఎక్కదు. పైగా చిన్న డబ్బా కాబట్టి ఎస్ఎంపీఎస్ కొలతలు కూడా వాళ్ల సొంతం. చేత్తో ఊడొచ్చే భాగాలు ఇన్ని పెట్టి, ముందు పాడయ్యే భాగాన్ని మాత్రం బయట ఎక్కడా దొరక్కుండా చేశారే అని నాకిప్పటికీ మంట.

24 నుంచి 8కి మార్చే వైరు ఆన్‌లైన్‌లో తెప్పించాను. మధ్యలో చిన్న సర్క్యూట్ ముక్క ఉన్న రకం. దాంతో మామూలు ఎస్ఎంపీఎస్‌కి కనెక్షన్ ఇస్తే మిషన్ లేచింది. కాకపోతే ఆ ఎస్ఎంపీఎస్ డబ్బాలో పట్టదు. టేబుల్ మీద అది, పక్కన మూత లేని సీపీయూ, మధ్యలో వైర్లు. ఆపరేషన్ సగంలో ఆపేసినట్టుంది అంది మా ఆవిడ. మూత తెరిచి ఉందని ఆన్ చేసిన ప్రతిసారీ స్క్రీన్ మీద హెచ్చరిక, ఎఫ్1 నొక్కితే గానీ ముందుకు కదలదు. దుమ్ము ఒక ఎత్తు, బల్లుల భయం ఇంకో ఎత్తు. సాయంత్రం లైటు వేశాక మా గోడ మీద బల్లులకు కొదవ లేదు, వాటిలో ఒకటి మదర్‌బోర్డు మీద పడితే ఏమవుతుందోనన్న టెన్షన్‌తో పాత దోమతెర ముక్క కప్పి పెట్టాం. అలా కొన్ని వారాలు గడిచాయి.

చివరికి మిషన్ అమ్మిన షాపుకే ఫోన్ చేశాను. అలాంటి లాటులోంచే తీసిన ఎస్ఎంపీఎస్ ఉందట, 1,200. "టెస్ట్ చేసి పంపిస్తాం సార్, వారంటీ మాత్రం అడగొద్దు" అన్నాడు. ఆర్టీసీ కార్గోలో వచ్చింది. వెనకాల స్క్రూలు విప్పి, జరిపి తీసి, దీన్ని అక్కడే పెట్టి బిగించడానికి కాఫీ చల్లారేంత సేపు కూడా పట్టలేదు. స్క్రూలు విప్పాను అంటున్నాను చూడండి, మొదట్లో చెప్పిన సుఖం ఈ మూల దాకా రాలేదన్నమాట. అప్పట్నుంచి సీపీయూని యూపీఎస్ మీద నడుపుతున్నాం. ఆ వాడిన ఎస్ఎంపీఎస్ ఇంతవరకు బాగానే ఉంది, ఎంతకాలమో దానికే తెలియాలి.

కొనమంటారా అని అడిగేవాళ్లకు నా జవాబు వాళ్ల ఇంటిని బట్టి ఉంటుంది. మా ఇంట్లో మూత తీయడానికి భయపడని మనిషి ఉన్నాడు, ఎప్పుడు పిలిచినా వచ్చే మెకానిక్ ఉన్నాడు, సికింద్రాబాద్‌కి నేరుగా రైలుంది. ఆటలాడే పిల్లలు లేరు. ఉంటే ఈ చిన్న డబ్బాలో పట్టేది సగం ఎత్తు గ్రాఫిక్స్ కార్డే, దానికి విడిగా పవర్ వైరు కూడా రాదు. ఇంకోసారి కొంటే నేను ఇదే రకం పెద్ద డబ్బా మోడల్ చూస్తాను. చాలావాటిలో కనెక్టర్ తలనొప్పి ఎలాగూ ఉంటుంది, కనీసం బయటి ఎస్ఎంపీఎస్ కూర్చోడానికి చోటైనా దొరకొచ్చు.

మా బావమరిది ఇవేవీ వినలేదు. మా టేబుల్ మీద ఇది చిన్నగా, ముచ్చటగా కనిపించింది, అలాంటిదే కావాలంటున్నాడు. సరే, సీటీసీకి తోడు వెళ్తాను, 8వ తరం కన్నా పాతది తీసుకోనివ్వను. అదే లాటులోంచి ఇంకో ఎస్ఎంపీఎస్ కూడా బేరంలో కలిపి ఇస్తేనే డబ్బులు తీయమన్నాను.