డీజిల్‌లో పోసే సీసా మందు: ఏ పంపుకు పనికొస్తుంది, ఏ పంపుకు దండగ

నల్గొండ, మిర్యాలగూడ స్పేర్ పార్ట్స్ షాపుల్లో కౌంటర్ మీద వరసగా పెట్టే 250 మి.లీ. లూబ్రిసిటీ అడిటివ్ (డీజిల్‌కు జిడ్డు పెంచే మందు) సీసాల సంగతి ఇది. పంపు అంటే ఇక్కడ ఇంజిన్‌కు డీజిల్ కొట్టే ఇంజెక్షన్ పంపు. లేబుల్ ఏదైనా అమ్మేవాళ్ల మాట ఒక్కటే: "బీఎస్-6 డీజిల్‌లో జిడ్డు లేదన్నా, పంపు తినేస్తది." అందులో సగమే నిజం.

బీఎస్ అంటే భారత్ స్టేజ్, కాలుష్య నిబంధనల మెట్టు. బీఎస్-3 డీజిల్‌లో సల్ఫర్ 350 పీపీఎం (పది లక్షల పాళ్లలో 350) దాకా ఉండేది. బీఎస్-4లో 50 అయింది, 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6తో దేశమంతా 10కి దిగింది. అయితే పంపును కాపాడింది సల్ఫర్ కాదు. రిఫైనరీలో హైడ్రోజన్‌తో సల్ఫర్ తీసేటప్పుడు, ఇనుముకు అంటుకుని పొరలా నిలిచే నైట్రోజన్, ఆక్సిజన్ పదార్థాలు కూడా కొట్టుకుపోతాయి. నష్టం అక్కడ. ఆ లోటు తీర్చడానికి రిఫైనరీ వాళ్లే లూబ్రిసిటీ మందు కలిపి పంపిస్తారు. దీనికి పరీక్ష ఉంది: 60 డిగ్రీల డీజిల్‌లో చిన్న ఉక్కు గుండును ఉక్కు బిళ్ల మీద 75 నిమిషాలు రుద్దుతారు. గుండు మీద పడే అరుగుడు మచ్చ 460 మైక్రాన్లు దాటకూడదు. బంకు డీజిల్ ఈ లెక్కలోనే ఉండాలి. పైగా సల్ఫర్ తగ్గితే ఇంజిన్ ఆయిల్‌లో చేరే ఆసిడ్ తగ్గుతుంది, లైనరుకూ రింగులకూ అది మంచిదే.

మరి సీసా ఎవరికి? పాత రోటరీ పంపు (ఒకే రోటర్ తిరుగుతూ అన్ని సిలిండర్లకూ డీజిల్ పంచేది) ఉన్న ట్రాక్టర్లకు కొంత ఉపయోగం. ఆ పంపు లోపలి భాగాలన్నిటికీ డీజిలే ఆయిల్, వేరే దిక్కు లేదు. ఇన్‌లైన్ పంపులో (ఒక్కో సిలిండర్‌కు ఒక్కో ప్లంజర్ వరసగా ఉండేది) క్యామ్‌షాఫ్ట్‌కు ఇంజిన్ ఆయిల్ అందుతుంది, డీజిల్ మీద ఆధారపడేది ప్లంజర్ ఎలిమెంట్లే. అక్కడ సీసా ఉన్నా లేకపోయినా పెద్ద తేడా రాదు. 2023 జనవరి నుంచి ట్రెమ్-4 (ట్రాక్టర్ల పొగ కాలుష్య నిబంధన) కింద వస్తున్న 50 హెచ్‌పీ పైబడిన కామన్ రైల్ (ఒకే గొట్టంలో ఎక్కువ ఒత్తిడితో డీజిల్ నిలిపి అన్ని నాజిళ్లకూ పంపే) ట్రాక్టర్లలో మాత్రం కంపెనీ మాన్యువల్ ఒప్పుకోని మందు ఒక్క చుక్క కూడా వద్దు. వారంటీ మాట వచ్చినప్పుడు సీసా అమ్మినాయన ముందుకు రాడు.

మోతాదు దగ్గరే ఎక్కువ మంది తప్పు చేస్తారు. లేబుల్ మీద 1:1000 అని ఉంటే 60 లీటర్ల ట్యాంకుకు 60 మి.లీ. "రెండు మూతలు పోయి" అన్న లెక్క పనికిరాదు, ఒక్కో సీసా మూత ఒక్కో సైజు. కొలవడానికి పశువులకు మందు పట్టే 50 మి.లీ. సిరంజి పనికొస్తుంది. ముందు మందు పోసి, తర్వాత డీజిల్ కొట్టిస్తే అదే కలుస్తుంది. రెట్టింపు పోస్తే రెట్టింపు రక్షణ ఉండదు. ఆసిడ్ రకం మందు, డీజిల్‌లో కలిసిన ఇంజిన్ ఆయిల్‌తో చేరితే సబ్బులాంటి జిగురు కట్టి ఫిల్టర్ మూసుకుపోతుంది. పాత ఆయిల్ డీజిల్‌లో పోసే అలవాటున్న వాళ్లు ఇది గుర్తు పెట్టుకోవాలి. సీసా ₹500 అనుకుంటే ఈ మోతాదులో లీటరుకు ₹2 పడుతుంది.

లేబుల్ మీద ఇంకొకటి చూడాలి: నీటిని విడగొడుతుందా, డీజిల్‌లో కలిపేస్తుందా? కలిపేసే రకం వద్దు. నీళ్లు ఫిల్టర్ కింద ఆగకుండా పాలలా కలిసి నేరుగా నాజిల్‌కి పోతాయి. సాగర్ ఎడమ కాలువ కింద కోతల టైంలో హార్వెస్టర్ల కోసం డ్రమ్ముల్లో డీజిల్ పొలానికి తెస్తారు. సగం ఖాళీ డ్రమ్ములో రాత్రి చెమ్మ పట్టి నీళ్లు అడుక్కి చేరతాయి. పంపులు పాడయ్యేది ఎక్కువగా ఈ నీళ్లతోనే, నింద మాత్రం బీఎస్-6 మీద. ఫిల్టర్ బౌల్ కింది ప్లగ్గు వదులు చేసి గాజు సీసాలోకి పట్టి ఒక రాత్రి ఉంచండి. అడుగున నీటి గీత కనిపిస్తే సీసా డబ్బుతో ఫిల్టర్లు కొనడం మేలు. ఫిల్టర్ మార్చాక బ్లీడ్ స్క్రూ (గాలి వదిలే మర) వదిలి, బుడగలు ఆగేదాకా హ్యాండ్ ప్రైమర్ (చేత్తో డీజిల్ కొట్టే చిన్న పంపు) కొట్టాలి.

సీసాకు బదులు బయోడీజిల్ 2 శాతం, అంటే 60 లీటర్లకు 1.2 లీటర్లు కలిపినా జిడ్డు వస్తుంది, అయితే అది ఐఎస్ 15607 ప్రమాణంలో ఉండాలి. బయోడీజిల్ నీటిని పీలుస్తుంది, నిల్వ ఉంటే పులుస్తుంది, ట్యాంకులో పాత మడ్డిని కరిగించి ఫిల్టర్‌కి తెస్తుంది. వాడిన వంట నూనెను వడగట్టి పోయడం బయోడీజిల్ కాదు. ఆ చిక్కదనానికి నాజిల్ మీద మసి కట్టి, రింగులు పట్టేస్తాయి. కొందరు జిడ్డు కోసం కలిపే టూ-స్ట్రోక్ ఆయిల్ సంగతికొస్తే, పాత బండ్లకు సరే, డీపీఎఫ్ (పొగలో మసిని పట్టే ఫిల్టర్) ఉన్న బండికి దాని బూడిద ప్రమాదం.

"అరిగిన పంపు బాగవుతుంది" అని రాసిన సీసా మాత్రం కొనొద్దు. ఎండాకాలం మధ్యాహ్నం దున్ని ఆపిన ట్రాక్టర్ వేడి మీద మళ్లీ స్టార్ట్ కాకపోతే, తడి గోనె గుడ్డ రోటరీ పంపు హెడ్ మీద పది నిమిషాలు కప్పి చూడండి. అప్పుడు స్టార్టయితే పంపు లోపలి హెడ్, రోటర్ అరిగినట్టే. వేడికి పల్చబడిన డీజిల్ సందుల్లోంచి జారిపోతోంది. దానికి పంపులు విప్పి సరిచేసే క్యాలిబ్రేషన్ షాపే దిక్కు.