మెదడు జన్యువుల ప్రాజెక్టుకు యూసీఎస్‌సీ జీనోమ్ బ్రౌజర్ పనికొస్తుందా?

ఇది రకరకాల జీవుల డీఎన్‌ఏ వరసలను తెర మీద చూపే వెబ్‌సైటు. తిరుపతిలో జువాలజీ, బయోటెక్ ఎమ్మెస్సీ చేసేవాళ్లకు పైసా ఖర్చు లేకుండా దొరికే వాటిలో ఇది మేలైనది. ఇన్‌స్టాల్ చేసే పని లేదు. అమెరికా సైటు మొరాయిస్తే ఆసియా మిర్రర్‌కి మారండి.

ముందు హెచ్‌ఏఆర్1 చూడండి; మిగతా జంతువుల్లో దాదాపు మారకుండా ఉండి, మనిషిలో మాత్రం వేగంగా మారిన డీఎన్‌ఏ ముక్క ఇది. పాత పేపర్లలో హెచ్‌ఏఆర్1ఎఫ్ అని ఉంటుంది, సెర్చ్‌లో మాత్రం హెచ్‌ఏఆర్1ఏ అని కొట్టాలి. వేర్వేరు జంతువుల వరసలను పోల్చి చూపే కన్జర్వేషన్ ట్రాక్‌లో, మనిషితో కలిసే బేస్‌లను (డీఎన్‌ఏ అక్షరాలను) చుక్కలుగా చూపే ఆప్షన్ పెట్టి, అక్షరాలు కనిపించేదాకా జూమ్ చేయండి. ఈ 118 బేస్‌ల ముక్కలో కోడికీ చింపాంజీకీ తేడా రెండే. చింపాంజీకీ మనిషికీ 18. ఎంత చెప్పినా ఎక్కని సంగతి తెర మీద చూస్తే వెంటనే ఎక్కుతుంది.

తిప్పలంతా మెదడు పెరుగుదలకు తోడ్పడే ఏఆర్‌హెచ్‌గ్యాప్11బీ జన్యువు దగ్గరే. సుమారు 50 లక్షల ఏళ్ల కింద ఏఆర్‌హెచ్‌గ్యాప్11ఏ జన్యువు పాక్షికంగా రెట్టింపై పుట్టిందిది, చింపాంజీలో లేదు. రెండూ 15వ క్రోమోజోమ్ మీదే ఉన్నాయి, వరస దాదాపు ఒకటే. అందుకే బ్లాట్‌లో (ఒక వరస జీనోమ్‌లో ఎక్కడుందో వెతికే టూల్) వేస్తే రెండు చోట్లా గట్టి స్కోరే వస్తుంది. ఫలితాల్లో మొదటి లైను ఒక్కటే చూసి ప్రైమర్లు (పీసీఆర్‌లో కాపీ మొదలుపెట్టే చిన్న డీఎన్‌ఏ ముక్కలు) ఆర్డర్ పెడితే రెండు జన్యువులూ కలిసి ఆంప్లిఫై అవుతాయి. సీడీఎన్‌ఏ (ఎంఆర్‌ఎన్‌ఏ నుంచి చేసిన డీఎన్‌ఏ) మీదైతే దారుంది: ఒక సి, జిగా మారడంతో కొత్త స్ప్లైస్ (ఆర్‌ఎన్‌ఏ కత్తిరింపు) చోటు ఏర్పడి, 11బీ ఎంఆర్‌ఎన్‌ఏలో 55 బేస్‌లు ఎగిరిపోయాయి. ఆ చోటుకు అటూ ఇటూ ప్రైమర్లు పెట్టి, ప్రోడక్ట్ 200 బేస్‌ల చుట్టుపక్కల ఉండేలా చూసుకుంటే 2 శాతం అగరోజ్ జెల్‌లో రెండు బ్యాండ్లూ విడిగా కనిపిస్తాయి.

బ్రౌజర్‌లోని ఇన్-సిలికో పీసీఆర్‌లో (కంప్యూటర్ మీదే పీసీఆర్ చేసి చూపే టూల్) ఈ ప్రైమర్లను జీనోమ్ మీద వెతికితే ఏమీ దొరకలేదని రావచ్చు. గరిష్ఠ సైజు 4000 అని ముందే పెట్టి ఉంటుంది. మధ్యలో పెద్ద ఇంట్రాన్ (ఎంఆర్‌ఎన్‌ఏలోకి రాని భాగం) ఉంటే ప్రోడక్ట్ ఆ హద్దు దాటిపోతుంది. అప్పుడు టార్గెట్‌ను జెన్‌కోడ్ జీన్స్‌కి (ఇంట్రాన్లు తీసేసిన జన్యు వరసలు) మార్చండి.

ఎస్‌ఆర్‌గ్యాప్2 లాంటి రెట్టింపు జన్యువులకు హెచ్‌జీ19 (మనిషి జీనోమ్ పాత వెర్షన్) జోలికి పోవద్దు, అందులో ఆ భాగాలు అసంపూర్ణం. దాని తర్వాతి హెచ్‌జీ38 గానీ, ఖాళీల్లేని టీ2టీ అసెంబ్లీ గానీ వాడండి.

కోతితో పోల్చాలనుకుంటే, అలిపిరి మెట్ల మీది కోతి బానెట్ మకాక్. దానికి బదులు రీసస్ జీనోమ్, అంటే రీమ్యాక్10, పెట్టుకోవచ్చు గానీ ప్రైమర్ 3′ చివర ఒక్క బేస్ తేడా వచ్చినా బ్యాండ్ రాకపోవచ్చు. పలు ప్రైమేట్లలో మారకుండా ఉన్న చోటే ప్రైమర్ కూర్చోబెట్టండి.