హవానా, విన్యాలెస్: ఏ చుట్ట ఎవరికి?

హవానాలో ఏ చుట్ట కొనాలని అడిగేవాళ్లని నేను ముందు ఒకటే అడుగుతాను: భోంచేసి కాలుస్తారా, ఖాళీ కడుపుతోనా? బ్రాండ్ సంగతి తర్వాత. ఘాటు వేరు, రుచి వేరు. ఘాటంటే నికోటిన్, దాని దెబ్బ ఒంటికి తెలుస్తుంది. రుచి తెలిసేది నాలుకకీ ముక్కుకీ. ఘాటు తక్కువైనా రుచి నిండుగా ఉండే చుట్టలున్నాయి. తల తిప్పేసి, నోట్లో చేదు తప్ప ఏమీ మిగల్చనివీ ఉన్నాయి. క్యూబాలో తిరిగినంతకాలం నాకూ మా బావకీ జరిగిన వాదన అంతా దీని గురించే.

మేం వెళ్లింది 2024 ఫిబ్రవరిలో, టొరంటో నుంచి. బావది కోనసీమ. వాళ్ల తాతగారు గోదావరి లంకల్లో పండిన పొగాకుతో చుట్టినవి తప్ప ఇంకేదీ ముట్టుకునేవారు కాదట. కాబట్టి బావకి ఆ లంక ఘాటే కొలత. నేనేమో టొరంటోలో ఎప్పుడన్నా శనివారం సాయంత్రం ఒక మెత్తటి డొమినికన్ చుట్ట కాల్చి సంతోషపడే రకం. ఇద్దరికీ ఒకే పెట్టె కొనడం కుదరదని విమానంలోనే అర్థమైంది.

బస పాత హవానాలో, ఒక కాసా పర్తికులార్‌లో. అంటే ఇంటివాళ్లు గదులు అద్దెకిచ్చే పద్ధతి. గుమ్మం దగ్గర లంగరు లాంటి నీలం గుర్తు ఉంటే అది లైసెన్సున్న ఇల్లు. గది శుభ్రం, పైకప్పు ఎత్తు, పొద్దున బొప్పాయి, బ్రెడ్డు, గట్టి కాఫీ, దొరికిన రోజు గుడ్డు. కరెంటు పోతే మాత్రం పోయినట్టే, ఎప్పుడొస్తుందో ఇంటావిడకీ తెలియదు. చివర్లో ఒక పెద్ద హోటల్‌కి మారాం. అక్కడ జనరేటర్ ఉంది, లిఫ్టు మాత్రం పనిచేయలేదు. మూడు రెట్లు డబ్బిచ్చి మెట్లెక్కడం బావకి ససేమిరా నచ్చలేదు. నా ఓటు కాసాకే. వయసు పైబడినవాళ్లు, ఏసీ లేకపోతే నిద్రపట్టనివాళ్లు హోటల్ చూసుకోవచ్చు.

ఇక కొట్లు. పాత పార్లమెంటు భవనం కాపిటోలియో వెనక, 1845లో మొదలైన పార్తగాస్ ఫ్యాక్టరీ పాత భవనం ఉంది. చుట్టల తయారీ అక్కణ్నించి వేరే చోటికి మారిపోయి చాలా ఏళ్లయింది, కింద కొట్టు మాత్రం నడుస్తోంది. రద్దీ ఎక్కువ, అరల్లో ఖాళీలు అంతకన్నా ఎక్కువ. అడిగిన బ్రాండ్ ఉండకపోవడం ఇక్కడ మామూలే. పాత హవానాలోనే కొందె దె విల్యానువేవా అనే చిన్న హోటల్‌లో పైన అటక లాంటి చోట ఒక కొట్టుంది. కూర్చుని కాల్చుకోడానికి నాకు హవానా మొత్తంలో బాగా నచ్చింది అదే. తొందరపెట్టేవాళ్లు లేరు. అమ్మే ఆయన, "ఇంతకుముందు ఏం కాల్చారు? ఇవాళ ఏం తిన్నారు?" అని అడిగాకే పెట్టె తెరిచాడు. హవానాలోనే మిరామార్ అనే పేటలో ఐదో అవెన్యూ, పదహారో వీధి మూల మీదున్న కొట్టు పెద్దది, సరుకూ మెరుగు, కానీ టాక్సీ ఖర్చు. ఒక హోటల్ లాబీ కొట్టులో మాత్రం హ్యుమిడర్ గదిలోకి, అంటే చుట్టలు ఎండకుండా తేమ పట్టి ఉంచే గదిలోకి వెళితే చల్లదనం లేదు, తేమా లేదు. చుట్టని వేళ్ల మధ్య కాస్త నొక్కితే ఎండుటాకులా చప్పుడైంది. అలాంటి చోట ఎంత పెద్ద పేరున్న చుట్టైనా కొనకండి.

మొదట కాల్చింది మాంటెక్రిస్టో నంబర్ 4. పొడవు 129 మిల్లీమీటర్లు, రింగ్ గేజ్ 42. రింగ్ గేజ్ అంటే అంగుళంలో 64వ వంతుల లెక్కన మందం. అరగంట పైచిలుకు వస్తుంది. ఘాటు మధ్యరకం, కాస్త కోకో, కాస్త కాఫీ, చివర్లో కొంచెం కారం. కొత్తవాళ్లకి ఎవరు సలహా ఇచ్చినా దీంతోనే మొదలెడతారు, అది సబబే. అయితే మేం కొన్నవాటిలో ఒకటి గట్టిగా బిగుసుకుపోయి పొగే రాలేదు. చేత్తో చుట్టేవాటితో ఈ బాధ తప్పదు, సన్నటివాటిలో ఇంకాస్త ఎక్కువ.

తర్వాత పార్తగాస్ సెరియె డి నంబర్ 4, ఓయో దె మాంటెరే ఎపిక్యూర్ నంబర్ 2. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి కాల్చమని నేను అందరికీ చెబుతాను. రెండూ రోబుస్తో కొలతే: 124 మిల్లీమీటర్లు, 50 గేజ్. చూడ్డానికి కవలలు, పొగలో ఆ పోలికే ఉండదు. పార్తగాస్ మొదటి దమ్ములోనే మిరియాలు, తోలు, తడి మట్టి వాసన. సగం దాటేసరికి ఘాటు ఒంట్లోకి దిగుతుంది. ఓయోలో వెన్న, దేవదారు చెక్క, ఎక్కడో పూల వాసన. చివరిదాకా గొంతుని ఇబ్బంది పెట్టదు. బావ ఓయోని రెండు దమ్ములు లాగి, "ఒరేయ్, ఇది చుట్ట కాదురా, అగరొత్తి" అన్నాడు. పార్తగాస్‌ని మాత్రం వేళ్లు కాలేదాకా వదల్లేదు. నేను ఒకసారి మధ్యాహ్నం తిండి ఆలస్యమైనప్పుడు పార్తగాస్ వెలిగిస్తే చెమటలు పట్టాయి. బావ పరుగున వెళ్లి చెరుకురసం తెచ్చాడు. నికోటిన్ తల తిప్పితే తీపి పనిచేస్తుంది.

రెంటికీ ఇంత తేడా ఎందుకంటే లోపలి ఆకు. పొగాకు మొక్కలో కింది ఆకు వొలాదో, బాగా అంటుకుంటుంది, ఘాటుండదు. మధ్య ఆకు సెకో, వాసనంతా దానిదే. పై ఆకు లిహెరో, ఎండంతా అదే తాగుతుంది కాబట్టి మందంగా, నూనెగా, ఘాటుగా తయారై నెమ్మదిగా కాలుతుంది. చుట్టేవాళ్లు దాన్ని సరిగ్గా నడిమధ్యన పెడతారు. దాని పాలు పెరిగితే పార్తగాస్, తగ్గితే ఓయో. చుట్టకి బయట చుట్టిన ఆకు రంగు చూసి ఘాటు అంచనా వేసేవాళ్లు మనలో చాలామంది. నల్లగా ఉన్నంత మాత్రాన ఘాటు ఉండాలని లేదు, నల్లటి ఆకు చాలాసార్లు తియ్యగా ఉంటుంది.

కోహిబా సంగతి చెప్పకపోతే ఊరుకోరు. 1966లో పుట్టిన బ్రాండ్, మొదట్లో క్యాస్ట్రోకీ విదేశీ అతిథులకీ తప్ప దొరికేది కాదు. లోపలి సెకో, లిహెరో ఆకుల్ని మూడోసారి కూడా పులియబెడతారు, ఆ నునుపు పొగలో తెలుస్తుంది. పచ్చిగడ్డి, తేనె, కాఫీ, ఒకదాని వెనక ఒకటి. బాగుంది, కాదనను. కానీ 2022లో కోహిబా, త్రినిదాద్ అనే రెండు బ్రాండ్ల ధరల్ని ప్రపంచమంతటా ఒకే స్థాయికి పెంచేశారు. కోహిబాలో పెద్ద సైజు సిగ్లో 6 మేం వెళ్లినప్పుడు ఒక్కోటి వంద అమెరికన్ డాలర్ల చుట్టుపక్కల ఉండేది. ఆ డబ్బుకి ఓయోలు కొని పంచుకుంటే నాకు అంతకు మించిన ఆనందం. బావ లెక్క ఇంకా సూటి: "పేరుకి ఎనభై, పొగకి ఇరవై."

ఇక పొగాకు పండే విన్యాలెస్ లోయ. హవానాకి పడమరగా 180 కిలోమీటర్ల దూరం. వియాసుల్ అనే కంపెనీ బస్సుంది, టికెట్ ముందే తీసుకోవాలి. మేం నలుగురం పంచుకునే టాక్సీలో వెళ్లాం. కాస్త ఖర్చు, కానీ ఇంటి గుమ్మం ముందు దింపాడు. లోయ మధ్యలో మొగోతెలనే సున్నపురాతి గుట్టలు నిటారుగా లేచి ఉంటాయి. 1999లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చిన చోటు. ఫిబ్రవరి కాబట్టి ఆకు కోతలు నడుస్తున్నాయి. తాటాకు లాంటి ఆకుతో కప్పిన పాకల్లో కర్రల మీద ఆకు వేలాడుతోంది. 2022 సెప్టెంబరులో ఇయాన్ తుఫాను ఈ జిల్లాలో ఇలాంటి పాకల్ని వేలకొద్దీ కూల్చేసింది, కొన్ని చోట్ల కొత్త కర్ర ఇంకా తెల్లగానే కనిపించింది.

రైతు పంటలో 90 శాతం ప్రభుత్వానికి ఇచ్చేయాలి, మిగతా 10 శాతం తన సొంతం. దాంతోనే పట్టీ (బ్రాండ్ పేరున్న కాగితపు చుట్టు) లేని చుట్టలు చుట్టి యాత్రికులకి అమ్ముతాడు. మా రైతు ఆకు మధ్య ఈనె లాగేసి, "నికోటిన్ అంతా దీంట్లోనే, ఇప్పుడిక హాని లేదు" అన్నాడు. లోయలో ప్రతి పాకలోనూ ఇదే మాట చెబుతారు. నమ్మకండి. ఈనె సరిగ్గా కాలదని ఏ చుట్టలోనైనా తీసేస్తారు, నికోటిన్ ఆకులో నిక్షేపంగా ఉంటుంది. ఊపిరితిత్తుల్లోకి పీల్చకపోయినా నోటికి చేసే చేటు పోదు. చుట్టకి పాడైన నోళ్లని చూసిన గోదావరి జిల్లావాళ్లకి ఇది విడిగా చెప్పక్కర్లేదు.

చుట్ట కొసని తేనెలో ముంచి ఇచ్చాడు. ఘాటు నేననుకున్నదానికన్నా తక్కువ, రుచి పచ్చిగా, తియ్యగా. సరిగ్గా మాగనివాటిలో ముక్కుకి కొట్టే అమ్మోనియా వాసన ఒకదాంట్లో వచ్చింది, ఇంకోదాంట్లో లేదు. ధర మాత్రం హవానా కొట్టు ధరలో చిన్న వంతు. పేరున్న బ్రాండ్ల చుట్టలకి బయట చుట్టే ఆకు పండేది ఇక్కడ కాదు, దక్షిణాన సాన్ లూయిస్, సాన్ హువాన్ ఇ మార్తినెస్ వైపు. అక్కడికి వెళ్లలేకపోయాం. విన్యాలెస్ వసతి మాత్రం హవానాని మించింది: నల్ల చిక్కుళ్లు, అన్నం, వరండాలో ఊగే కుర్చీ, ఆ కుర్చీలో పట్టీ లేని చుట్ట. బావ కూడా ఇక్కడ ఘాటు గురించి నోరెత్తలేదు.

వీధిలో "ఇవాళ కోఆపరేటివ్ అమ్మకం, సగం ధర" అనేవాళ్లు రోజుకి ఒక్కరైనా తగులుతారు. అలాంటి కోఆపరేటివ్ అమ్మకం ఏదీ లేదు. గాజుమూత ఉన్న కోహిబా పెట్టె చూపిస్తే ఇక మాటే అక్కర్లేదు, నకిలీ. పట్టీ ఉన్నవి కొట్లోనే కొని బిల్లు దాచుకోండి. అమెరికా బ్యాంకుల కార్డులు చెల్లవు, మా కెనడా కార్డు చెల్లింది. కెనడాకి తిరిగొచ్చేటప్పుడు మనిషికి 50 చుట్టలదాకా సుంకం లేదు. అమెరికాలో ఉంటున్న మనవాళ్లకి మాత్రం 2020 సెప్టెంబరు నుంచి ఒక్కటి కూడా తెచ్చుకునే వీల్లేదు.

చివరికి బావ పార్తగాస్ పెట్టె, నేను సగం ఓయో, సగం మాంటెక్రిస్టో. విన్యాలెస్ చుట్టలు ఇద్దరం పంచుకున్నాం. టొరంటో చలికాలంలో హీటర్ గాలికి ఇవి వారంలో బీటలు వారతాయి. గట్టి మూతున్న ప్లాస్టిక్ డబ్బాలో 65 శాతం తేమ ప్యాకెట్ ఒకటి పడేసి ఉంచుతున్నాను. పట్టీ లేనివి వేరే డబ్బాలో పెట్టాలి, లేకపోతే వాటి పచ్చి వాసన ఓయోకి పట్టేస్తుంది.