కుక్కపిల్ల, పిల్లి ఉన్న ఇంట్లో బాత్రూం కడగడానికి బ్లీచా, మొక్కల క్లీనరా?

మా ఇంట్లో వీధిలో దొరికిన ఏడు నెలల కుక్కపిల్ల, నాలుగేళ్ల పిల్లి ఉన్నాయి. రాత్రిపూట రెండూ ఒకే బాత్రూం వాడతాయి కనుక తెల్లవారగానే ఆ గది కడగడం నా మొదటి పని. మూడు నెలలుగా సోడియం హైపోక్లోరైట్ ఉన్న బ్లీచ్ ద్రావణాన్ని, మొక్కల నుంచి తీసిన నురుగు పదార్థాలు, ఎంజైములు కలిపిన క్లీనర్‌ను మార్చి మార్చి వాడాను.

మరకల వరకు బ్లీచ్‌కు సాటి లేదు. టైళ్ల సందుల్లోని వైట్ సిమెంటుకు పట్టిన పసుపు చార ఒక్క పూటలో వదిలింది. అయితే జాలీ దగ్గర మూత్రం పోయడం నేర్పుతున్న కుక్కపిల్ల, మూడో రోజు మళ్లీ వాష్‌బేసిన్ కింది మూలకే వెళ్లి, నేలకు ముక్కు ఆనించి, రెండు చుట్లు తిరిగి అక్కడే పోసింది. నాకు క్లోరిన్ ఘాటు తప్ప ఏమీ తెలియని చోట దానికి పాత వాసన అందుతూనే ఉంది.

అంతకన్నా నన్ను భయపెట్టింది మరొకటి. నిలవున్న మూత్రంలోని యూరియా అమ్మోనియాగా మారుతుంది; దానిమీద బ్లీచ్ పడితే క్లోరమైన్ వాయువులు పుడతాయి. ఒక ఉదయం నీళ్లతో కడగకుండానే బ్లీచ్ పోసి, కళ్లు మండి, దగ్గుతూ బయటికి వచ్చాను. యాసిడ్ ఉన్న టాయిలెట్ క్లీనర్‌తో బ్లీచ్ కలిస్తే ఏకంగా క్లోరిన్ వాయువే వెలువడుతుంది కాబట్టి ఆ రెండింటినీ ఒకే పూట వాడకూడదు.

మొక్కల క్లీనర్ ధర దాదాపు రెండింతలు, పైగా పోసి పావుగంట ఆగాలి. పసుపు చార పూర్తిగా పోలేదు గానీ, వారం తిరిగేసరికి కుక్కపిల్ల ఆ మూల వైపు వెళ్లడం మానేసింది. కుంకుడు రసం కూడా ప్రయత్నించాను. జిడ్డు పోయింది, వాసన పోలేదు. మొక్కలదంటే పిల్లికి క్షేమమనుకోవడం మాత్రం పొరపాటు. నారింజ, నిమ్మ తొక్కల నూనెలోని లిమొనీన్‌ను, పైన్ నూనెను పిల్లి కాలేయం సరిగా విడగొట్టలేదు. తడి నేలపై నడిచి పాదాలు నాకితే అవి దాని కడుపులోకి చేరతాయి. ఫినాయిల్‌తోనూ పిల్లికి ఇదే ప్రమాదం. అందుకే సువాసన కలపని రకాన్నే ఎంచుకున్నాను. పదార్థాల పట్టిక లేని సీసాను కొనను.

కుక్కపిల్లలకు వాంతులు, విరేచనాలు తెచ్చే పార్వో వైరస్ సోకిన కుక్కపిల్ల ఉన్న ఇంట్లో మాత్రం మొక్కల క్లీనర్‌ను నమ్ముకోకూడదు. ఆ వైరస్ మామూలు సబ్బులకు లొంగదు. ముందు మలం తీసేసి, సబ్బు నీళ్లతో కడిగి, ఆ తర్వాత ఒక వంతు బ్లీచ్‌కు ముప్పై వంతుల నీళ్లు అప్పటికప్పుడు కలిపి, నేల పది నిమిషాలైనా తడిగా ఉండేలా పోయాలి. మలం ఉండగానే పోస్తే బ్లీచ్ శక్తి దానిమీదే ఖర్చైపోతుంది. బాగా కడిగి, నేల ఆరేదాకా జంతువులను లోపలికి రానివ్వకూడదు. ఎండ తగిలితే బ్లీచ్ బలహీనపడుతుంది కనుక మా సీసాను అటక మీద చీకట్లో ఉంచాను. రోజువారీ కడుగుడుకు మొక్కల క్లీనర్‌నే వాడుతున్నాను.