ఏడు పెళ్లిళ్లు, ఐదు కార్డులు: పెళ్లి స్పీచ్‌కి నేను వాడుతున్న పద్ధతి

తొమ్మిదేళ్లలో ఏడు పెళ్లిళ్లలో మైక్ పట్టుకుని మాట్లాడాను. మొదటి రెండింటిలో పరువు పోయింది. మూడోదాని నుంచి ఒకే పద్ధతి వాడుతున్నా, అందుకే ఇప్పుడు దాని గురించి తీరిగ్గా రాయొచ్చనిపించింది. ముందే చెప్పేస్తున్నా, ఇది భయం పోగొట్టదు. ఏడో పెళ్లిలో కూడా నా పేరు పిలిచేముందు అరచేతులు తడిసిపోయాయి. భయపడుతూనే, మధ్యలో దారి తప్పకుండా చివరిదాకా వెళ్లడానికి మాత్రం బాగా పనికొస్తుంది. నాకు అదే చాలు.

మొదటిసారి ఏం జరిగిందో చెబితే మిగతాది అర్థమవుతుంది. స్నేహితుడి పెళ్లి. స్పీచ్ మొత్తం ఫోన్‌లో టైప్ చేసుకుని రెండు వారాలు దిద్దుకున్నా, ఒక్కసారి కూడా పైకి చదివి చూసుకోలేదు. రెండో పేరా దగ్గర జనం నవ్వారు, నేనూ తలెత్తి నవ్వాను, తల దించేసరికి స్క్రీన్ ఆరిపోయి ఉంది. వేలిముద్ర తీసుకోదు, వేలంతా చెమట. ఒక చేతిలో మైక్, రెండో చేతి బొటనవేలితో ఆరంకెల పిన్ కొట్టాలి. రెండుసార్లు తప్పు పడింది. ఈలోపు నా ఊపిరి చప్పుడు మైక్‌లో హాలంతా వినిపిస్తోంది. ఎలాగో తెరుచుకునేసరికి పైనుంచి ఆఫీసు మెసేజ్ ఒకటి జారి సరిగ్గా నాకు కావాల్సిన లైన్ మీద కూర్చుంది. "ఇద్దరూ సుఖంగా ఉండాలి" అనేసి దిగిపోయాను. రాసుకున్నదాంట్లో మూడొంతులు ఇప్పటికీ ఆ పాత ఫోన్‌లోనే ఉంది.

రెండోసారి బుద్ధొచ్చి మొత్తం బట్టీ పట్టాను. అది ఇంకా ఘోరం. బట్టీ పట్టిన మాటలు గొలుసులా ఉంటాయి, ఒక్క లింకు ఊడితే వెనక ఉన్నదంతా పోతుంది. ఒక వాక్యం మర్చిపోయి మళ్లీ మొదటినుంచి అందుకున్నా. జనం ఏమీ అనలేదు, పాపం చప్పట్లు కూడా కొట్టారు.

ఆ తర్వాత వచ్చిందే ఈ కార్డుల పద్ధతి. కావాల్సినవి అరచేతిలో పట్టే గట్టి కార్డులు ఐదు (3×5 అంగుళాలవి నాకు సరిపోయాయి), లావుగా రాసే నల్ల పెన్ను, ఫోన్‌లో ఎలాగూ ఉండే వాయిస్ రికార్డర్. పెద్ద కాగితం వద్దు, చెయ్యి కొంచెం వణికితే కాగితం అంతకు నాలుగింతలు వణుకుతుంది, చప్పుడు కూడా చేస్తుంది. కార్డు అలా కాదు, చిన్నది, గట్టిది, వణుకు బయటపెట్టదు.

మొదటి కార్డు మీద మొదటి రెండు వాక్యాలు పూర్తిగా రాస్తాను. ఐదో కార్డు మీద చివరి వాక్యం, ఇద్దరి పేర్లతో సహా, పెద్ద అక్షరాల్లో. ఈ మూడు వాక్యాలే నేను నోటికి పట్టేది. మొదటి అర నిమిషంలో బుర్ర పనిచేయదు, అప్పుడు నోరు దానంతటదే నడవాలి. చివర్లో ఎలా దిగాలో తెలియకపోతే "ఇంకా చెప్పాలంటే" అంటూ అక్కడక్కడే తిరుగుతుంటాం, దాన్ని ఈ ఐదో కార్డు ఆపుతుంది. పేర్లు రాయడం అవమానంగా తీసుకోకండి. పదిహేనేళ్లుగా తెలిసిన స్నేహితురాలి పేరు నాకు మైక్ ముందు గుర్తురాలేదు, నిజంగా.

మధ్యలో మూడు కార్డుల మీద తలా మూడు నాలుగు మాటలే. రెండో దాని మీద నాకు వీళ్లెలా తెలుసు, మూడో దాని మీద ఒకే ఒక్క సంఘటన, నాలుగో దాని మీద రెండో మనిషి వచ్చాక మా మనిషిలో నేను చూసిన మార్పు. పూర్తి వాక్యాలు రాస్తే కళ్లు కార్డుకి అతుక్కుపోతాయి, గొంతు వార్తలు చదివినట్టు అయిపోతుంది. పైగా రాసేటప్పుడు మనకు ఎక్కడినుంచో "జీవితమనే సుదీర్ఘ ప్రయాణంలో" లాంటివి వచ్చేస్తాయి. ఇంట్లో ఎవరితోనైనా ఎప్పుడైనా అలా మాట్లాడామా?

అసలు కష్టమంతా మూడో కార్డు దగ్గరే. నేను దీనికే ఎక్కువ టైమ్ పెడతాను, చాలామంది దీనికే తక్కువ పెడతారు. ఆ స్నేహితురాలి పెళ్లికి మొదట "తను చాలా మంచిది, అందరికీ సాయం చేస్తుంది" అని రాసుకున్నా. ఇందులో తన పేరు తీసేసి ఎవరి పేరు పెట్టినా సరిపోతుంది, అంటే నేను తన గురించి ఏమీ చెప్పనట్టే. కొట్టేశాను. మూడు రోజులు ఆలోచిస్తే ఒక రాత్రి గుర్తొచ్చింది. పదకొండింటికి నా సైకిల్ చైన్ ఊడిపోతే తను వచ్చి అరగంట సేపు ఫోన్ టార్చ్ పట్టుకుని నిలబడింది, ఆ అరగంటా నన్ను తిడుతూనే ఉంది, టార్చ్ మాత్రం ఒక్కసారి కూడా పక్కకి జరగలేదు. కార్డు మీద "చైన్, టార్చ్, తిట్లు" అని మూడు ముక్కలు రాసుకున్నా. అందరికంటే ముందు పెళ్లికొడుకు నవ్వాడు, ఆ తిట్లు ఎలా ఉంటాయో అప్పటికే తెలుసనుకుంటా. పేరు మార్చి చూసే ఈ పరీక్ష నేను ఇప్పటికీ వదల్లేదు. ఒకసారి ఏఐ చాట్‌బాట్‌తో రాయించి చూశాను, వ్యాకరణం, వరస అన్నీ బాగానే ఉన్నాయి, కానీ ఆ స్పీచ్ ఏ పెళ్లిలో చదివినా చెల్లిపోతుంది.

ఈ పద్ధతి ఆపలేకపోయిన తప్పు కూడా ఒకటి చెప్పాలి. నాలుగో పెళ్లిలో మూడో కార్డు మీద "ఐదు ఉద్యోగాలు" అని రాసుకున్నా. మావాడు రెండేళ్లలో ఐదు ఉద్యోగాలు మారాడని, మనిషిని మాత్రం మార్చలేదని జోకు. మా స్నేహితుల వైపు గట్టిగా నవ్వారు. అమ్మాయి వైపు ఒక్కరు కూడా నవ్వలేదు, ఎందుకంటే వాళ్లకి ఆ ఐదు సంగతి తెలియదు. వాడు నాతో రెండు నెలలు సరిగ్గా మాట్లాడలేదు. కార్డులు మాటను దారిలో పెడతాయి గానీ ఏ మాట చెప్పకూడదో చెప్పవు. అప్పటినుంచి మూడో కార్డు విషయం ఎవరి గురించో వాళ్లనే ముందు అడుగుతున్నా, "ఇది చెప్పొచ్చా?" అని. సర్‌ప్రైజ్ కాస్త తగ్గుతుంది, స్నేహం మిగులుతుంది. పాత ప్రేమలు, డబ్బు, ఒంటి తీరు అసలు అడగకుండానే కొట్టేస్తా.

రికార్డర్ సంగతి. మొదటిసారి మన గొంతు మనం వింటే ఫోన్ విసిరేయాలనిపిస్తుంది. మాట్లాడేటప్పుడు మన గొంతు మనకు గాలిలోంచే కాదు, పుర్రె ఎముకల్లోంచి కూడా వినిపిస్తుంది కాబట్టి లోపల కాస్త నిండుగా ఉంటుంది, రికార్డింగ్‌లో ఆ నిండుదనం ఉండదు. బయటివాళ్లు ఎప్పుడూ వింటున్నది ఆ రికార్డింగ్ గొంతే, ఇన్నేళ్లూ భరించారుగా. నేను వినేది వేరేవాటి కోసం. నాలుగు నిమిషాల్లో "అంటే" అని పంతొమ్మిది సార్లు అన్నాను, లెక్కపెట్టా. 1924లో అమెరికాలో మొదలైన టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బుల్లో (జనం ముందు మాట్లాడటం నేర్చుకునే క్లబ్బులివి) ఇలాంటి ఊతపదాలు లెక్కపెట్టడానికే ఒక మనిషిని పెడతారు, నాకు ఆ మనిషి రికార్డరే. దానికి మందు, "అంటే" వచ్చే చోట నోరు మూసుకుని ఒక్క క్షణం ఆగడం. ఆగినప్పుడు మనకు యుగంలా అనిపిస్తుంది, వింటే ఒక సెకను కూడా ఉండదు.

పది రోజులు, రోజుకి పది నిమిషాలు, నిలబడి, పైకి. ముందురోజు రాత్రి ఒకేసారి వంద నిమిషాలు కాదు. విడతలుగా చదివితే ఎక్కువ నిలుస్తుందని జర్మన్ సైకాలజిస్టు హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ 1885లోనే తన మీదే ప్రయోగాలు చేసుకుని రాశాడు. నేను మాత్రం ఐదో పెళ్లికి బద్ధకించి రాత్రంతా ప్రాక్టీస్ చేసి, పొద్దునకి గొంతు బొంగురుపోయాక గానీ నమ్మలేదు. ప్రాక్టీస్‌లో ఎడమ చేతిలో టీవీ రిమోట్‌ని మైక్‌లా పట్టుకోండి. నవ్వకండి. ఒంటి చేత్తో, బొటనవేలితో కార్డు వెనక్కి జరపడం ముందుగా అలవాటు కాకపోతే అక్కడ కార్డులు నేలపాలవుతాయి. మూలల్లో నంబర్లు వేయడం కూడా అందుకే.

ఇక భయం గురించి. "ప్రశాంతంగా ఉండు, ప్రశాంతంగా ఉండు" అని చెప్పుకుంటే నాకు ఎప్పుడూ పనిచేయలేదు, గుండె దడదడలాడుతుంటే ఆ మాట అబద్ధమని ఒంటికి తెలిసిపోతుంది. ఆలిసన్ వుడ్ బ్రూక్స్ అనే పరిశోధకురాలు 2014లో చేసిన ప్రయోగాల్లో, మాట్లాడే ముందు "ప్రశాంతంగా ఉన్నాను" అన్నవాళ్లకంటే "ఉత్సాహంగా ఉన్నాను" అన్నవాళ్లు బాగా చేశారు. నేను "హుషారుగా ఉంది" అని గొణుక్కుంటా. సగం పనిచేస్తుంది. అంతకంటే ఎక్కువ పనిచేసింది నేను మాట్లాడిన నాలుగో పెళ్లి వీడియో. లోపల మోకాళ్లు వణికాయని నాకు గుర్తుంది, వీడియోలో మాత్రం ఎవరో మామూలు మనిషి మామూలుగా నిలబడి ఉన్నాడు. సావిట్‌స్కీ, గిలోవిచ్ అనే ఇద్దరు సైకాలజిస్టులు 2003లో ఇదే చూపించారు. మన కంగారు మనం అనుకున్నంతగా బయటికి కనిపించదు, ఆ సంగతి మాట్లాడబోయేవాళ్లకి ముందే చెబితే వాళ్లు ఇంకా బాగా మాట్లాడారు కూడా. ధైర్యం కోసం ఒక గ్లాసు పుచ్చుకోవడం మాత్రం వద్దు. నోరు ఎండిపోతే రెండు గుక్కల నీళ్లు, పీల్చినదానికంటే నెమ్మదిగా వదిలే ఊపిరి ఐదారు సార్లు, ఇవి చాలు.

మైక్‌ని గడ్డానికి దగ్గరగా పట్టుకోండి, దాని జాలీ తలని గుప్పిట్లో మూయకండి, స్పీకర్ బాక్సు ముందుకి వెళ్లకండి, కూ అని అరుస్తుంది. వీలైతే జనం రాకముందే ఒకసారి అందులో మాట్లాడి చూడండి.

ఇన్నేళ్లలో నాకు నచ్చనివి కూడా ఉన్నాయి. పెళ్లి బట్టలకు జేబులుండవు, ఉన్నా కుట్టేసి ఉంటాయి. మెరిసే కార్డు కొంటే పై లైట్లు దాని మీద పడి ఏమీ కనపడదు, నేను ఒకసారి అలాంటి కార్డుని అటూ ఇటూ తిప్పుకుంటూ అద్దంలో ముఖం చూసుకుంటున్నట్టు నిలబడ్డాను. అన్నిటికంటే పెద్ద ఇబ్బంది, ఐదు కార్డులు పెట్టుకుంటే నాలుగు నిమిషాలకు మించకూడదు. అంతకంటే పొడుగ్గా మాట్లాడేవాళ్లకి, లేదా చెప్పాల్సింది నిజంగానే చాలా ఉన్నవాళ్లకి ఇది ఇరుకే.

ఎనిమిదోది వచ్చే నెల, మా చెల్లి పెళ్లి. నిన్న రాత్రి రికార్డ్ చేస్తే ఆరు నిమిషాల నలభై సెకన్లు వచ్చింది. మూడో కార్డుకి పోటీగా నాలుగు సంఘటనలున్నాయి, ఏదీ కొట్టేయబుద్ధి కావడం లేదు. "ఇది చెప్పొచ్చా?" అని దాన్ని అడిగితే నాలుగూ వద్దంది.